ఎర్రసిరా అంకెలు

బాలాత్రిపురసుందరి. ఎనిమిది అక్షరాలు. నాలుక కాస్త తిరిగిన ఎవరైనా ఒక్క ఊపిరిలో పలకగలిగిన పేరు. హైటెక్ సిటీలోని ఆ సంస్థవారు మాత్రం ఆమె మెడలో వేసిన కార్డు మీద ‘బాలా టి.’ అని అచ్చువేశారు. తక్కిన అక్షరాలు ఏమయ్యాయని ఆమె అడిగితే గడిలో పట్టలేదన్నారు. ఒక పేరే పట్టని గడిలో ఆ మనుషులు ఒక సముద్రాన్ని పట్టించబోతున్నారని ఆమెకు అప్పటికి తెలియదు.

ఆమె ముప్పైమూడేళ్ళు సముద్రాన్ని కొలిచింది. తూర్పు తీరాన ఓడరేవున్న ఒక పెద్ద నగరంలో ఆటుపోట్ల గది అని ఒకటుండేది. రేవు చివర, నీటి మీదికి కట్టిన చిన్న గది. కింద గొట్టంలో తేలే బెండు నీటితోపాటు లేస్తూ దిగుతూ ఉంటే, పైన కాగితం చుట్టిన డబ్బా మీద ఒక ముల్లు గీత గీస్తూ ఉండేది. ఆ గీతను చదివి, బయట పాతిన కొలకర్రతో సరిచూసి, గంటగంటకూ రిజిస్టరులో అంకె వేయడం ఆమె ఉద్యోగం. పెళ్ళయిన వారానికీ వేసింది, కూతురు పుట్టిన మూడో నెలలోనూ వేసింది, భర్త పోయిన పదహారో రోజునా వేసింది. ఆ అంకెలను ఎవరు చదువుతారని ఆమె ఎన్నడూ అనుకోలేదు. చక్కగా రాసినది ఎవరో ఒకరు చదువుతారన్న నమ్మకం ఆ తరంవారికి ఉండేది. ఆ నమ్మకం మీద ఎన్ని బీరువాలు నిండిపోయాయో, ఎన్నింటిని చెదలు తిన్నాయో లెక్క తీసేవారు లేరు. అది వేరే కథ.

ఆ గదికి కూతవేటు దూరంలో రేవుగుంటపేట. జాలరుల ఇళ్ళు పదకొండువందలు. అక్కడి సక్కుబాయి చేపల గంప దించుకుని మధ్యాహ్నం పూట ఆటుపోట్ల గది నీడలో కూర్చునేది.

“సముద్రాన్ని కొలుస్తావు గానీ సేపని ముట్టవు. ఇదేం ఉద్యోగమమ్మా నీది?” అని వెక్కిరించేది. అలా మొదలైన స్నేహం ముప్పై ఏళ్ళు నడిచింది. ఉద్యోగ విరమణ తరువాత బాలాత్రిపురసుందరి కూతురు ఆమనితో కొత్తగూడలో ఉండడానికి వచ్చినా ఫోనులో సాగుతూనే ఉంది.

ఇక ఆ సంస్థ. పెరుగుతున్న సముద్రమట్టం నుంచి ఆ తీరనగరాన్ని కాపాడే ప్రణాళిక తయారుచేసే పని దానికి దక్కింది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, దానికి ఐదువందల మీటర్లు పైన, అద్దాల మేడలో పదకొండో అంతస్తున కూర్చున్నవారికి దక్కింది. ఒప్పందంలో ఒక షరతు ఉంది: ఆ తీరపు ఆటుపోట్లలో పాతికేళ్ళ అనుభవమున్న నిపుణులొకరు నివేదికను పరిశీలించి సంతకం చేయాలి. అలాంటివారు దేశంలో ఎందరుంటారు? కొత్తగూడ పైవంతెన పక్కన ఒకరు దొరికారు.

ఐదు నెలలపాటు ఆమెకు చేతినిండా టీ తప్ప పని లేదు. అక్కడ మనుషులు నిలబడి సమావేశమయ్యేవారు, కూర్చుంటే పని జరగదట. నిలబడినా జరగడం ఆమె చూడలేదు. గోడమీద బొమ్మలు పడేవి: నీలి సముద్రం, తెల్లటి గోడ, గోడ మీద సైకిలు తొక్కుతున్న తెల్లతోలు కుటుంబం, చేతిలో ఐస్‌క్రీము. వల ఆరేసుకునే మనిషి ఏ బొమ్మలోనూ లేడు. ఒకసారి ఆమె ఉండబట్టలేక చేయెత్తి అడిగింది.

“నగరంలోని మురుగుకాలువలు పోటు సమయంలో వెనక్కి తంతాయి బాబూ. వాటి మూతుల దగ్గర, నీరు బయటికే పోయేటట్టు తలుపులు పెట్టాలి. ఉప్పుటేరు పక్క మడ చెట్లు కొట్టనివ్వకూడదు. పెద్దాసుపత్రి జనరేటరు నేల అంతస్తులో ఉంది, దాన్ని పైకెక్కించాలి. ముందు ఇవి చేసి, తరువాత గోడ సంగతి చూడకూడదా?”

బృందాధిపతి కిరణ్ చిరునవ్వు నవ్వాడు. కడప జిల్లా కుర్రాడు, చురుకైనవాడే. ఆ చురుకుదనమంతా రంగుల పటాల మీద ఖర్చవుతోంది.

“సూపర్ పాయింట్స్ మేడమ్. పార్కింగ్ లాట్‌లో పెడదాం.”

పార్కింగ్ లాట్ అంటే ఆ సంస్థలో, మళ్ళీ ఎన్నడూ మాట్లాడబోని విషయాలు రాసే పసుపు కాగితం. ఆమె పాపం నిజంగానే కింద వాహనాలు నిలిపే చోట ఎవరో వచ్చి తనతో మాట్లాడతారనుకుని ఒక పూట ఎదురుచూసింది.

నివేదిక తెలుగు ప్రతి ఆమె చేతికి సోమవారం వచ్చింది, గురువారం పదకొండింటికి సంతకం చేయాలి. నూటనలభై పుటలు. అందులో కర్త అనేవాడు కలికానికి దొరకడు. ‘తీరం సుందరీకరించబడును. పాత తుఫాను ఆశ్రయభవనం తొలగించబడును. సందర్శకుల వాహనస్థలం ఏర్పరచబడును.’ మన భాషలో మామూలు మనుషులు ఇలా మాట్లాడరు. ‘అన్నం తినబడింది’ అని ఏ తల్లీ అనదు. తిన్నవాడెవడో చెప్పడం మన వాక్యానికి అలవాటు. ఆ అలవాటును చంపడం కార్యాలయాలకు ఎందుకంత అవసరమో, తొలగించబడబోయే కట్టడం పక్కన కాపురముండేవారిని అడిగితే తెలుస్తుంది. ఆ ఆశ్రయభవనం రేవుగుంటపేటది. తుఫాను వస్తే పేట మొత్తానికి ఉన్న రెండంతస్తుల కట్టడం అదొక్కటే.

ఎందుకు తొలగిస్తారు? పటంలో ఆ పేట ఆకుపచ్చగా ఉంది కనుక. రాబోయే యాభై ఏళ్ళలో ఎంత పెద్ద తుఫాను వచ్చినా అక్కడికి నీరు చేరదట. బాలాత్రిపురసుందరి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. వెనకటి పెద్ద తుఫాను నాడు సక్కుబాయి ఇంట్లోకి జానెడు ఎత్తు నీరొచ్చి పొయ్యి మునిగింది. ఆ రోజున ఈమె గదిలోనే చిక్కుపడి, లాంతరు వెలుగులో అంకె వేసింది. రెండు మీటర్ల ముప్పైఒకటి. కూతురి పుట్టినరోజు మరచిపోయినా ఆ అంకె మరచిపోదు. నివేదికలో అదే తేదీ ఎదుట ఒకటి పాయింట్ నలభైఎనిమిది అని ఉంది.

రెండింటి తేడా ఎనభైమూడు సెంటీమీటర్లు. ఆ ఎనభైమూడు ఆమెకు బాగా తెలిసిన అంకె.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పుకోవాలి. రేవువారి సున్నా వేరు, నేలవారి సున్నా వేరు. ఓడ అడుగు తగలకూడదు కాబట్టి, నీరు బాగా తీసినప్పుడు ఎక్కడుంటుందో అక్కడినుంచి రేవువారు లెక్కపెడతారు. రోడ్లూ ఇళ్ళూ కొలిచేవారు సముద్రపు సగటు మట్టం నుంచి లెక్కపెడతారు. ఆ రేవులో ఈ రెండు సున్నాల మధ్య దూరం ఎనభైమూడు సెంటీమీటర్లు. రేవు అంకెలోంచి దాన్ని తీసేస్తే నేల అంకె వస్తుంది.

మామూలు రోజుల్లో ఆమె నీలిసిరాతో రేవు అంకెలు వేసేది. తుఫాను రోజుల్లో మాత్రం, నగరపాలక ఇంజనీర్లు పరుగెత్తుకొచ్చి అడుగుతారు కనుక, తానే తీసివేత చేసి, నేల అంకెను ఎర్రసిరాతో రాసేది. ‘ఎర్ర అంకెలు నేల సున్నా నుంచి’ అని ప్రతి రిజిస్టరు అట్ట లోపలివైపున గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టింది కూడా.

రిజిస్టర్లను ఈ సంస్థ ఎవరికో అప్పగించి స్కాన్ చేయించింది. నలుపు తెలుపుల్లో. అట్టల మీద సమాచారమేముంటుందని అట్టలు వదిలేశారు. నలుపైపోయిన ఎర్ర అంకెలోంచి కంప్యూటరు మరోసారి ఎనభైమూడు తీసేసింది. మామూలు రోజులన్నీ ముత్యాల్లా సరిపోయాయి. తుఫాను రోజులు మాత్రమే, నగరం మునిగే రోజులు మాత్రమే, ఎనభైమూడు సెంటీమీటర్లు కుంగిపోయాయి. చదువురానివాడు చేసే తప్పు కాదిది. బాగా చదువుకుని, కాగితాన్ని ముట్టుకోవడం నామోషీ అనుకునేవారు మాత్రమే చేయగల తప్పు.

లెక్కలు చూసే అమ్మాయి భార్గవికి ఆమె ఇదంతా వివరించింది. భార్గవి తెర మీది లెక్కను మళ్ళీ చూసుకుంది.

“అయ్యో మేడమ్... డబుల్ సబ్‌ట్రాక్షన్. మీరు చెప్పింది కరెక్ట్. నేను రిజిస్టర్ అసలు చూడనేలేదు.”

“మరి మారుద్దాం అమ్మా. ఎంత పని?”

“పని పది నిమిషాలే మేడమ్. కిరణ్ గారిని అడగాలి.”

కిరణ్ మాత్రం నిలబడే సమావేశంలోంచి కదలకుండానే విన్నాడు.

“ఇప్పుడు ఎట్లా మేడమ్? మ్యాప్ ఫ్రీజ్ అయిపోయింది. క్లయింట్ గ్రీన్ చూసేసినాడు. గ్రీన్ చూసినోడికి ఇప్పుడు రెడ్ చూపిస్తే, మిగతాదంతా కూడా తప్పే అంటాడు.”

“తప్పే కదా బాబూ.”

“ఫేజ్ టూలో సరిచేద్దాం మేడమ్. అయినా ఒక మాట చెప్తా, మీరు ఫీల్ కావద్దు. ఆ పేట రెడ్ అయితే వాళ్ళకేమొస్తుంది? ఖాళీ చేయించి ఊరవతలకు పంపిస్తారు. గ్రీన్ ఉంటేనే వాళ్ళకు మేలు. మీ ఫ్రెండ్ అక్కడే ఉంటుందంటిరే?”

కిరణ్ అంతవరకూ ఆడిన మాటల్లో అర్థమున్నది ఇదొక్కటే కావడం ఆమెను ఇబ్బందిపెట్టింది. నోరెత్తితే పేట పోతుంది. నోరు మూస్తే ఆశ్రయభవనం పోతుంది, ఆ తరువాత తుఫాను నాడు పేటలోని మనుషులే పోతారు. సంతకం తనది.

ఆ సాయంత్రం ఐదింటికి వాన మొదలైంది. అరగంట కురిసింది. ప్రపంచంలోని సముద్రాలకు గోడలు కట్టే ఆ మేడ కింద సెల్లారులో నీరు నిండింది. పదకొండో అంతస్తులోని నిపుణులందరూ లిఫ్టులు ఆగిపోయి, మెట్లమీదుగా ల్యాప్‌టాప్‌లను చంటిబిడ్డల్లా గుండెకు హత్తుకుని దిగారు. తమ కార్లు ఎక్కడిదాకా మునిగాయో చూడడానికి మెట్ల మీద బారులు తీరారు. కిరణ్ తెల్లకారు అద్దాలదాకా నీళ్ళలో ఉంది.

మోకాళ్ళ మీదికి ప్యాంటు మడిచి నీళ్ళలో నిలబడి మోటారు తిప్పుతున్నాడు మల్లయ్య. ఆ మేడకు పంపులు నడిపే మనిషి.

“జర ఆగుండ్రి సార్! ఎవ్వలు దిగకుండ్రి, కరెంటున్నది!” అని అరిచాడు. కిరణ్ వైపు చూసి, “నేను పొద్దుగాలనే జెప్పిన గద సార్, గీత కింద పెట్టకుండ్రని. ఇంటరా? ఇగ పరేషాన్ అయితే ఏం లాభం?” అన్నాడు.

బాలాత్రిపురసుందరి తలతిప్పి చూసింది. స్తంభం మీద ఇటుకరంగు గీతలు, ఒకదానిపై ఒకటి ఐదారు. ఒక్కొక్క గీత పక్కన ఒక నెల, ఒక సంవత్సరం. ఆటుపోట్ల గది వదిలాక ఇంత పద్ధతిగా రాసిన నీటి లెక్క ఆమె మళ్ళీ చూడలేదు.

“ఎవరు గీశారయ్యా ఇవి?”

“నేనే అమ్మా. గీడ మా కుంట ఉండె. వానొస్తే నీళ్ళు యాడికి పోతయ్, గీడికే వస్తయ్. ఎంతవరకొస్తే అంతవరకు గీస్త.”

“ఆఫీసువాళ్ళు ఊరుకుంటారా?”

“యాడ ఊరుకుంటరు! పెద్దసార్లు వస్తున్నరంటే సున్నమేస్తరు. సున్నం ఆరినంక నేను మళ్ళ గీస్త. ఫికర్ లేదు.” మల్లయ్య నవ్వాడు. “సార్లు సూడరు గని డ్రైవర్లు సూస్తరమ్మా. గా ఇన్నోవా డ్రైవర్ని సూడుండ్రి, ర్యాంపు మీద గీతకు పైననే పెట్టిండు.”

ఆ ఇన్నోవా చక్రాలకు తడైనా అంటలేదు. ఏ ఫోనులోనూ ఏ హెచ్చరికా చేయని పని ఒక ఇటుకముక్క చేసింది. ఆమె మెట్ల మీదే కూర్చుని సక్కుబాయికి ఫోను చేసింది.

“ఏటమ్మా, ఈ యేళప్పుడు?” అని సక్కుబాయి హుషారుగా అందుకుంది. “నీకు తెలుసా? మా పేట పచ్చరంగులో ఉన్నాదంట. కొలతలకొచ్చి డ్రోనెగరేసిన కుర్రోడు సెప్పినాడు. ఇక నీల్లు రావంట.”

“నువ్వేమన్నావు?”

“నానేటంటాను? మా పొయ్యి మునిగినాది బాబూ అన్నాను. అది లెక్కలోకి రాదన్నాడు.”

బాలాత్రిపురసుందరి నడిచినదంతా చెప్పింది, కిరణ్ మాటతో సహా. ఎర్రరంగు వేస్తే ఖాళీ చేయిస్తారేమోనన్న సంగతి దాచలేదు. ఐదు నెలల్లో పేటవాళ్ళను మీకేం కావాలని అడిగినవారు ఒక్కరూ లేరని, తానూ అడగలేదని అప్పుడే గుర్తొచ్చింది.

 సక్కుబాయి గొంతు మామూలుగానే వచ్చింది.

“నీల్లొత్తాయన్నది నిజమేనా?”

“నిజమే. ఇంకా ఎక్కువే వస్తాయి.”

“అయితే నిజమే సెప్పు. ఎల్లాలో, ఉండాలో, ఎవుడితో తగువాడాలో మేం సూసుకుంటాం. ఆ తుపాను మేడ పోతే మాత్రం పిల్లల్ని ఎక్కడికెక్కిత్తాం అమ్మా? పచ్చరంగు మీదకా?”

గురువారం పదకొండింటికి ఆమె సంతకం చేయలేదు. రెండుసార్లు తీసేసిన అంకెను సరిచేస్తేనే చేస్తానంది. కిరణ్ బతిమాలాడు, విసుక్కున్నాడు, ఒప్పందం గుర్తుచేశాడు. భార్గవి మాత్రం అందరి ఎదుటా, “సర్, మేడమ్ చెప్పింది కరెక్టే. తప్పు నాది,” అంది. ఆ మాట గాలిలో కలిసిపోయింది. పన్నెండున్నరకల్లా బాచుపల్లినుంచి ఒక విశ్రాంత ఆచార్యుడు కారులో దిగి, నివేదిక మొదటి పుట తిరగేసి, చివరి పుట మీద సంతకం చేసి, ఇచ్చిన శాలువా కప్పుకుని, వానకు ముందే ఇల్లు చేరాలని వెళ్ళిపోయాడు. నూటనలభై పుటలకు పదకొండు నిమిషాలు. ఆయన తీరప్రాంతంలో కట్టడాల మీద పాఠాలు చెప్పినవాడట, షరతుకు అది చాలట. ఆ విద్యార్థులను తలచుకుంటే జాలి కలుగుతుంది. మధ్యాహ్నానికి బాలాత్రిపురసుందరి కార్డుకు తలుపు తెరుచుకోవడం మానేసింది.

ఆమె ఏడవలేదు. కొత్తగూడ వెళ్ళి, కూతురితో రెండు మాటలు చెప్పి, పాత ఉద్యోగంనాటి కొలటేపు, నీటిమట్టం సరిచూసే సన్నగొట్టం సంచిలో వేసుకుంది. ఆమని, “ఎన్నాళ్ళుంటావమ్మా?” అంటే, “రంగు ఆరేవరకు,” అంది. మరునాడు లింగంపల్లిలో తూర్పు వైపు రైలెక్కింది.

రేవుగుంటపేటలో వాళ్ళు నాలుగు రోజులు గీశారు. రేవులో రాతి మీద చెక్కిన ప్రభుత్వపు ఎత్తుగుర్తు నుంచి మొదలుపెట్టి, నీళ్ళు నింపిన గొట్టం ఒక కొసను సక్కుబాయి, ఇంకో కొసను ఆమె పట్టుకుని, వీధి వీధికీ మట్టం తీసుకొచ్చారు. ప్రతి వీధి మొదటి గోడ మీద రెండు గీతలు. కిందిది పాత తుఫానుది, జానెడు ఎత్తున. పైది, నగరమే తన ప్రణాళికలో ఒప్పుకున్న యాభై సెంటీమీటర్ల పెరుగుదలను కలిపితే వచ్చేది, తొడల ఎత్తున. పడవలకు వేసే ఎర్రరంగు. ఆడవాళ్ళు వచ్చి పిల్లల్ని గోడకు ఆనించి నిలబెట్టి చూసుకునేవారు. గీత ఎవరి మెడ దగ్గరకు వచ్చిందో చూసి వెళ్ళేవారు. చివరికి ఆశ్రయభవనం గోడ మీద, అన్నిటికన్నా పెద్దగా గీశారు.

పదో రోజున పొక్లెయిన్ వచ్చింది. దానివెంట నగరపాలక ఇంజనీరు సుబ్రహ్మణ్యం, చేతిలో ఆకుపచ్చ పటం. సక్కుబాయి, ఆమె వెనక ఓ వందమంది, ఆశ్రయభవనం మెట్ల మీద కూర్చుని ఉన్నారు.

“లేవండమ్మా. ఇది సేఫ్ జోన్ అండి. ఇక్కడ షెల్టర్ అక్కర్లేదు,” అన్నాడు సుబ్రహ్మణ్యం.

“ఓ పాలి ఆ గోడకాడ నిలబడు బాబూ,” అంది సక్కుబాయి.

ఆయన నిలబడ్డాడు. పై ఎర్రగీత ఆయన ప్యాంటు జేబును తాకుతోంది. ఆయన ఒకసారి గీతను, ఒకసారి పటాన్ని చూసుకున్నాడు. తుఫాను నాడు ఆటుపోట్ల గదికి పరుగెత్తుకొచ్చి అంకె అడిగిన కుర్ర ఇంజనీర్లలో తానూ ఒకడని ఆయనకు మెల్లగా జ్ఞాపకం వచ్చింది.

“మీరు... సుందరిగారు కదండీ? ఆ రోజు రెండు ముప్పైఒకటి అని చెప్పారు.”

“చెప్పాను. మీ పటంలో ఒకటి నలభైఎనిమిది అయింది. రిజిస్టరు రేవు రికార్డు గదిలో ఉంది. అట్టతో సహా చూడండి.”

సుబ్రహ్మణ్యం తన సొంత టేపు తీసి గీత కొలిచాడు. కొలిచాక పొక్లెయిన్ నడిపేవాడికి చేత్తో సైగ చేశాడు. యంత్రం పెద్దగా రొదచేసి, ఇసుకలో మలుపు తిరిగి వెనక్కి వెళ్ళింది. రిజిస్టరు తెప్పించి చూసేదాకా కూల్చివేత నిలిపేయాలని ఆయన పుస్తకంలో రాయడానికి జేబులోంచి కలం తీశాడు. అంకె మొదట ఎర్రకలంతో వేయబోయాడు.

“రంగు వద్దండి,” అంది బాలాత్రిపురసుందరి. “ముప్పైమూడేళ్ళు రంగును నమ్మి నేనూ తప్పుచేశాను. ‘నేల సున్నా నుంచి’ అని అంకె పక్కనే అక్షరాలతో రాయండి.”

ఆయన రాశాడు. ఆమె భుజం మీదుగా వంగి, ప్రతి అక్షరం సరిగ్గా ఉందో లేదో చదివి చూసుకుంది.